బాపయ్య చేతి ముద్ద

అన్నం మీద ఒట్టేసి చెబుతున్నానమ్మాయ్, ఇందులో మెతుకంత అబద్ధం ఉన్నా రేపట్నుంచి నాకు ముద్ద మింగుడుపడకుండా పోవాలి. ముందు నువ్వు ఆ కుక్కపిల్ల మూతి దగ్గర్నుంచి పళ్ళెం తీసెయ్. పొద్దుట్నుంచీ చూస్తున్నా, ముందు తోకూపుకుంటూ అది, వెనకాల పళ్ళెం పట్టుకుని నువ్వు, ఇల్లంతా ప్రదక్షిణాలు చేస్తున్నారు. దేవుడైతే ఈపాటికి ప్రత్యక్షమయ్యేవాడు. తినకపోతే చచ్చిపోద్దని ఆ ఏడుపు మొహం ఎందుకు? తినని కుక్కపిల్లలు నాకేం కొత్త కాదు. ఇట్టా కూచో. ఆ చాట పక్కకి జరిపి కూచో. మా చినమామయ్య బాపయ్యగారని, మీ తాతకి సొంత బాబాయి, నువ్వు చూళ్ళేదులే, మీ నాన్న పెళ్ళికి ముందే పోయాడు. ఆయన తెచ్చిన కుక్కపిల్ల ముందు నీదెంత? నీది కనీసం బిస్కెట్టు వాసన చూస్తోంది. అదైతే వాసన చూసి మమ్మల్ని తిట్టిపోసేది.

ఆయన మనిషి ఎట్టా ఉండేవాడంటే, గుమ్మంలో నిలబడితే ఇంట్లో దీపం పెట్టుకోవాల్సి వచ్చేది. మీసాలంటావా, ఒక్కో మీసం మీద ఒక్కో కాకి వాలొచ్చు. వాలింది కూడా, నా కళ్ళతో చూశా. అట్టాంటి మనిషికి ఊళ్ళో ఉన్న పేరు దేనికనుకున్నావు, చేతివాసికి. గొడ్డు మేత మానేసిందనుకో, ఆసుపత్రికి తోలుకుపోయేవాళ్ళు కాదు, 'బాపయ్య చేత ముద్ద పెట్టించండయ్యా' అనేవాళ్ళు. ఈయన తవుడు తడిపి ముద్దచేసి, దాని నోటికి అందిస్తూ చెవిలో ఏదో గొణిగేవాడు. అంతే, కట్టేసిన గుంజతో సహా నమిలేసేది. ఒకసారి ఇంకొల్లు నుంచి ఒక గేదెని బండెక్కించి తెచ్చారు, లేవలేని గేదె. అది ఆయన చేతి ముద్ద తిని, ఆగలేక ఆయన తలగుడ్డ తిని, తిరిగి పోయేటప్పుడు దారిలో బండి ఇరుసుకి పూసిన ఆముదం కూడా నాకేసిందట. 'చెవిలో ఏం మంత్రం చెబుతావు మామయ్యా' అని అడిగా ఒకరోజు. 'మంత్రమేందే, తినకపోతే మీ చినత్త చేసిన కూర పెడతానని బెదిరిస్తా' అన్నాడు. మా చినత్త సుబ్బరావమ్మ వినేట్టే అన్నాడు. ఆవిడ ఆ పూట ఆయనకి నిజంగానే కూర వడ్డించలేదు.

నవ్వుతావుగానీ, ఆయనకి ఆ పేరే ప్రాణం. బ్రహ్మాండమైన మిరప పండించేవాడు, ఆ మాట ఎవరన్నా అంటే ఊ కొట్టి ఊరుకునేవాడు. 'బాపయ్య చెయ్యి మంచిది' అంటే మాత్రం ఆ పూటకి అన్నం అక్కర్లేదు. పిల్లల్లేరు వాళ్ళకి. మా చినత్త, ఆయన, గొడ్లు. ఎవరి బిడ్డకీ పెట్టని ముద్దలన్నీ గొడ్లకి పెట్టేవాడు. సరే, ఎనభై మూడో నాలుగో, అప్పుడు కల్లం కాపలాకి కుక్క కావాలన్నాడు. మా చినత్త అన్నగారు ఆదెయ్య అని కనిగిరి వైపు మనిషి, గొర్రెలుండేవి ఆయనకి. వేలు పెట్టి తోస్తే పడిపోయేట్టుండేవాడు, నోరు మాత్రం కత్తిపీట. ఆయన కుక్క ఈనితే ఒక పిల్లని తువ్వాల్లో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. తెచ్చాడు గానీ ఒడిలోంచి దించడే. 'ఏం బావా, గేదెలకి దొరవి సరే, కుక్కకి కూడా దొరవేనా' అన్నాడు. 'నా చేత్తో పెడితే రాతినంది కూడా నోరు తెరుస్తుంది బావా' అన్నాడు ఈయన. 'నంది సంగతి శివుడు చూసుకుంటాడులే. దీని సంగతి నేను చూసుకోవాలి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి పోతూ దిగుతా. నా కళ్ళముందు నీ చేతి ముద్ద తిందా, నీది. తినలేదా, ఇదే తువ్వాల్లో చుట్టుకుని వెనక్కి తీసుకుపోతా. నీకు పెంచే చెయ్యి లేదని నలుగురికీ చెప్పి మరీ తీసుకుపోతా' అన్నాడు. బావమరుదుల మాటలు అట్టాగే ఉంటాయిలే, కానీ ఆ ఆఖరి మాటకి మా చినత్త మొహం అటు తిప్పుకుంది. ఈయన మీసం కూడా కాస్త కిందికి దిగింది.

దానికి పులి అని పేరు పెట్టాడు. వంకాయంత ఉంది, పేరు పులి. అది ఏడిస్తే మా పిల్లి జాలిపడి వచ్చి పక్కన పడుకునేది. ఇక మొదలైంది చూడు మా తిప్పలు. మెత్తగా అన్నం వండించి, ఆవుపాలు పోసి, పంచదార వేసి, పసిబిడ్డకి పిసికినట్టు వేళ్ళతో పిసికి పిసికి వెన్న చేసేవాడు. దేంట్లో అనుకున్నావు, వెండిగిన్నెలో. మా చినత్త పుట్టింటివాళ్ళు పుట్టబోయే బిడ్డ అన్నప్రాసనకని పెళ్ళిలోనే పెట్టిన గిన్నె. పెట్టెలో అట్టాగే నల్లబడిపోయి ఉంటే, చింతపండేసి తోమి తెచ్చి తనే ఆయన చేతికిచ్చింది. ఆ గిన్నె దాని ముందు పెట్టి ఈయన చేత్తో అందిస్తే, అది వచ్చింది, ముక్కు పెట్టింది, రెండడుగులు వెనక్కేసింది, తుమ్మింది. ఆ తుమ్ముకి దాని నాలుగు కాళ్ళూ నేల మీద లేవు. పోయి మంచం కింద దూరింది.

ఇక ప్రతిపూటా అదే. తపేలాలోంచి పాలు వంపితే నాకేది, అన్నం పెడితే తుమ్మి పోయేది. కనిగిరి పిల్ల కదా, సంకటి కావాలేమో అని జొన్న సంకటి వండించి చేత్తో మెదిపి పెట్టాడు. తుమ్మింది. పక్కింటి జోహరాబీ పాపం కోడిగుడ్డు ఉడకబెట్టి పంపితే, ఒలిచి నలిపి పెట్టాడు. తుమ్మింది. ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీశారు, దానికైతే మా వీధి మొత్తం తుమ్మింది. 'నేనోసారి పెట్టి చూస్తా మామయ్యా' అంటే కళ్ళెర్రజేసేవాడు. 'నీ చేత్తో తింటే నాకేం ఒరిగింది? బావ చూస్తానంది నా చెయ్యి' అని. రాను రాను ఆయన కూడా సరిగ్గా తినడం మానేశాడు. అది మంచం కింద, ఈయన మంచం మీద, ఇద్దరూ చూరుకేసి చూస్తూ. ఊళ్ళో అప్పుడే గుసగుసలు, బాపయ్య చేతివాసి పోయిందంట అని. ఎవరిదో దూడ మేత మానేస్తే ఈయన దగ్గరికి తేకుండా సందులోంచి ఆసుపత్రికి తోలుకుపోయారు. అది చూశాడు. చూసి, తలుపేసుకున్నాడు.

అసలు అది ఏ కాలం అనుకున్నావు, కల్లాల కాలం. కోసిన మిరపకాయలు ఇళ్ళ ముందు కల్లాల్లో ఆరబోస్తే ఊరికి ఎర్రదుప్పటి కప్పినట్టుండేది. బస్సులో పోయేవాళ్ళు మా ఊరు మైలు దూరం ఉండగానే తుమ్మడం మొదలెట్టేవాళ్ళు, కండక్టరు దాన్నిబట్టే టికెట్లు అడిగేవాడు. కాయలు తిరగేసేది చేత్తో, పనికిరాని తాలుకాయలు ఏరేది చేత్తో. పొద్దుగూకేసరికి చేతులు భగభగమండేవి, మొదట్లో. తర్వాత మండవు. ఆ చేత్తో చంటిబిడ్డ కన్ను తుడిస్తే బిడ్డ కెవ్వుమన్నప్పుడు గుర్తొచ్చేది. అదీ కొత్తకోడళ్ళకి. పాతవాళ్ళకి అదీ గుర్తొచ్చేది కాదు.

చివరికి మా చినత్త పోరగా పోరగా పశువుల డాక్టర్ని పిలిపించాడు. నలుగురి గొడ్లకి వైద్యం చేసినవాడు ఇంకొకర్ని పిలవడమంటే చిన్న నామోషీనా, పెరటిదారిన రమ్మని కబురుపెట్టాడు. ప్రేమదాసుగారని కొత్తగా వచ్చాడాయన, అమలాపురం అవతలి మనిషి. వాళ్ళు పులుసులో కూడా బెల్లం వేసుకుంటారు కదా. మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కుకుంటూ, ఆకలితో నకనకలాడుతూ వచ్చి అరుగు మీద కూచున్నాడు. మామయ్య ఏంచేశాడంటే, అప్పుడే పిసికిన పాలన్నం వెండిగిన్నెతో తెచ్చి ఆయన ముందు పెట్టి, 'చూడండి డాక్టరుగారూ' అని, కుక్కపిల్లని తేవడానికి మంచం కింద దూరాడు. ఆ దొడ్డుమనిషి మంచం కింద దూరి మళ్ళీ రావడమంటే అదో కాలం. పాపం ఆయన ఏమనుకున్నాడు, గుంటూరు జిల్లావాళ్ళు మొరటు మొరటు అంటారుగానీ ఎంత మర్యాద, వచ్చినవాడికి వెండిగిన్నెలో పాలన్నం పెట్టారు అనుకున్నాడు. నేనూ చినత్తా వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాం. చెప్పేలోపలే పెద్ద ముద్ద నోట్లో పెట్టేసుకున్నాడు.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత కళ్ళలోంచి కృష్ణా కాలవ. నోరు తెరిచి ఏదో అనబోయాడు, మాట బదులు ఆవిరొచ్చింది. లేచి పరిగెత్తి, నీళ్ళకుండ ఏదో తెలీక కుడితి గోళెంలో తలపెట్టేశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నా, లేకపోతే అప్పుడే పోయేదాన్ని. తల పైకెత్తి, గడ్డం మీద తవుడుతో, 'ఏవండీ, పాలన్నంలో కారం వేస్తారాండీ మీ ఊళ్ళో' అన్నాడు. అప్పటికి మామయ్య పులిని చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. 'అయ్యో, అది దీని అన్నమండీ' అన్నాడు. డాక్టరుగారు కుక్కపిల్లని చూశాడు. కుక్కపిల్ల డాక్టరుగార్ని చూసింది. ఇన్నాళ్ళకి తన బాధ తెలిసిన మనిషి ఒకడు దొరికాడన్నట్టు చూసిందమ్మా, చిన్నగా తోక కూడా ఊపింది.

'కారమెక్కడిదండీ' అని మామయ్య ఓ ముద్ద తిన్నాడు. 'చప్పగా ఉంది' అన్నాడు. చినత్త కాస్త నోట్లో వేసుకుని 'పంచదార ఎక్కువైంది' అంది. కల్లంలో కాయలేరే ఎలీసమ్మ మంచినీళ్ళకి వస్తే, అదే, మా దగ్గర కూలీలందరికీ పెద్ద, దాని చేతిలో కాస్త వేసి ఏముందో చెప్పమన్నాం. చప్పరించి చప్పరించి, 'ఉప్పు తక్కువైందమ్మగారూ' అంది. డాక్టరుగారు మా నలుగుర్నీ వంతులవారీగా చూసి, మామయ్య చెయ్యి పట్టుకుని వాసన చూసి, తుమ్మాడు. అచ్చం పులి తుమ్మినట్టే. 'ఆయ్, ఇది చెయ్యి కాదండీ, మిరపకాయల బస్తా అండీ. గొడ్లకంటే తవుడు ముద్ద గొంతులోకి నెట్టేస్తారు, దిగిపోతుంది. ఇది నాకి చూసి తినే జీవమండీ. తప్పు దీనిది కాదు, మీ చేతివాసిదీ కాదు. చెంచాతో పెట్టండి, ఇప్పుడే తినేస్తుంది' అన్నాడు. చినత్త గబగబా ఇంకో గిన్నెలో కలిపి చెంచాతో పెట్టింది. పులి గిన్నెతో సహా మింగబోయింది.

అక్కడితో అయిపోవాల గదా. అయిందా? 'చెంచాతో పెడితే అది చెంచావాసి అవుద్ది గానీ నా వాసి ఎట్టా అవుద్ది' అని పట్టుబట్టాడు. శివరాత్రి దాకా మిరపకాయ ముట్టుకోనన్నాడు. ఏ కాలంలో, కల్లం నిండా కాయలున్న కాలంలో. రెండు చేతులకీ ఆముదం పట్టించి, పుల్లమజ్జిగలో నానేసి, పాతపంచె చింపి మోచేతుల దాకా చుట్టించుకుని అరుగు మీద కూచున్నాడు. ఎలీసమ్మ వాళ్ళు ఊరుకుంటారా? గంపలు మోసుకుంటూ అటు పోయినప్పుడల్లా ఒక మాట. 'ఏం బాపయ్యగారూ, మిమ్మల్ని పెళ్ళికూతుర్ని చేశారా ఏంది. గోరింటాకు పండాక మాక్కూడా చూపించండి.' ఈయన మీసం దువ్వుకుందామంటే చేతుల్లేవు. వెనకాల ఇంకొకతి, 'పెళ్ళికొడుకు కనిగిరి నుంచి వస్తున్నాడంటగా' అనేది.

మరి అన్నం ఎట్టా తింటాడు? మా చినత్తే పెట్టాలి. కుక్కకి చెంచా, మొగుడికి చెయ్యి. పొద్దంతా కల్లంలో కాయలు తిరగేసి వచ్చి, గోంగూర పచ్చడి వేసి అన్నం కలిపి, ఆ చేత్తోనే ముద్దలు చేసి పెట్టేది. ఆయన అరుగు మీద బాసింపట్టు వేసుక్కూచుని పిచికపిల్ల తెరిచినట్టు నోరు తెరిచేవాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆవిణ్ణి సాధించడమే గానీ, ఆ నాలుగురోజులూ ముద్దముద్దకీ ఆవిడ మొహమే చూస్తూ తిన్నాడు. ఆవిడ మాత్రం, 'తినండి, లేకపోతే నేను చేసిన కూర పెడతా' అని ఆయన చెవిలో చెప్పి పెట్టేది. పులి ఎదురుగా కూచుని ఆ ముద్ద గిన్నెలోంచి నోటిదాకా పోతుంటే దాంతోపాటు తల తిప్పుకుంటూ చూసేది. ఇంట్లో పసిబిడ్డ ఉండాల్సిన చోట ఇంతెత్తు మనిషికి ముద్దలు పెడుతుంటే దానికి మాత్రం ఒళ్ళు మండదా. మెతుకులు ఆయన మీసాల్లోంచి రాలేవి. తర్వాత తుడుద్దామని నేను చీపురు పట్టుకుపోతే అరుగు మీద ఒక్క మెతుకు ఉండేది కాదు. 'చీమలెత్తుకుపోయాయిలే' అనేది చినత్త. నేనూ చీమలే అనుకున్నా. తుమ్మే చీమల్ని మాత్రం అప్పటిదాకా ఎక్కడా చూళ్ళేదు.

శివరాత్రి రానే వచ్చింది. మగవాళ్ళంతా ప్రభలు కట్టుకుని తిరునాళ్ళకి పోయారు, మీ తాతతో సహా. కల్లంలో ఎలీసమ్మ వాళ్ళు నలుగురు, వాళ్ళకి శివరాత్రి పట్టింపు లేదుగా, నేను, చినత్త. అరుగు మీద ఈయన. అప్పుడు పడమర నుంచి లేచింది మబ్బు. వానాకాలంలో కూడా అంత మబ్బు నేను చూళ్ళేదు. ఏనుగుల మంద ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చినట్టొచ్చింది. ఎండిన కాయ తడిసిందంటే ఏముంది, బూజు పట్టి నల్లబడి ఎవడూ కొనడు, ఏడాది కష్టం పేడకుప్పలోకే. మేమంతా చీరలు ఎగ్గట్టి, కాయలు కుప్పగా తోయడం, గోనెపట్టాలు కప్పడం. చాలట్లా. కల్లం ఆ చివర చినుకులు మొదలైనాయి. చినత్త ఒక్కసారి అరుగు వైపు చూసిందిగానీ పిలవలా.

ఆయన మబ్బుని చూశాడు. చేతుల గుడ్డలు చూసుకున్నాడు. పక్కన పులిని చూశాడు. ఆ తర్వాత పళ్ళతో ఆ గుడ్డ కొరికి లాగేసి, అరుగు మీద నుంచి ఒక్క దూకు దూకాడమ్మా, ఊరు అదిరింది. మోచేతుల దాకా కాయల్లో దింపి ఒక్కో వాటుకి బండెడు కాయలు ఎత్తాడు. మేమంతా ఒక ఎత్తు, ఆయనొక్కడూ ఒక ఎత్తు. ఆఖరి పట్టా కప్పి రాళ్ళు పెట్టేసరికి వాన దబాయించింది. గంపెడు కాయలు కూడా తడవలేదు. తలెత్తి చూస్తే చూరు కింద ఆదెయ్య, తిరునాళ్ళకి కట్టిన కొత్త పంచె తడవకుండా ఎగ్గట్టి, చేతిలో గొడుగు కూడా ఇంకా మడవకుండా నిలబడున్నాడు. ఎంతసేపట్నుంచి చూస్తున్నాడో.

మామయ్య అరుగు మీద కూలబడి, ఎర్రటి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. 'తీసుకుపో బావా' అన్నాడు. అంతే. నేనాయన నోట అంత చిన్నమాట ఎప్పుడూ వినలేదు. ఆదెయ్య కూడా ఎగతాళి చెయ్యబోయి ఊరుకున్నాడు. 'సరే, దారిలో ఏడవకుండా ముందు కాస్త పెడతా' అని, కాళ్ళూ చేతులూ కడుక్కుని, చినత్త ఇచ్చిన పాలన్నం తనే కలిపి, కనిగిరి చెయ్యి, కారం సోకని చెయ్యి, దాని ముందు పెట్టాడు. పులి వచ్చింది. మూతి పెట్టింది. ఆయన మొహంలోకి చూసింది, ఇదేం తిండి అన్నట్టు. చూసి, వాన నీళ్ళు కారుతున్న మామయ్య దగ్గరికి పోయి, చుట్టూ తిరిగి వెనకాల దాచుకున్న ఆ వేళ్ళు నాకడం మొదలుపెట్టింది. తుమ్ముతోంది, నాకుతోంది. చినత్త అప్పుడు లోపల్నించి, కూలీలకని కలిపిన గోంగూర అన్నం గిన్నె తెచ్చి ఆయన చేతికిచ్చింది. ముద్ద చేసి పెట్టాడు. పులికి కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, తోక మాత్రం ఆగకుండా కొడుతూ, మొత్తం తినేసింది. తిని ఇంకా పెట్టమని అరిచింది. ఆ అరుపు కనిగిరి అరుపు కాదు, మన ఊరి అరుపే. ఆదెయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, 'చెడగొట్టావు బావా. లక్షణమైన పిల్లని పూర్తిగా చెడగొట్టావు. ఇది ఇంక మా ఊళ్ళో బతకదు. ఇక్కడే చావనీ' అని గొడుగేసుకుని తిరునాళ్ళకి పోయాడు. గడప దాటాక నవ్వాడు, నేను చూశా.

నీ కుక్కకి కారం పెట్టమని చెప్పట్లా నేను, ఆ డాక్టరుగారు మళ్ళీ పుట్టుకొచ్చి నన్ను తిడతాడు. పులికి కూడా తర్వాత చప్పిడి మెతుకులే, ఆయన చెయ్యి తగిలితే చాలనేది. దూడంత అయింది. అది మొరిగితే ఆ ఘాటుకి దొంగలు తుమ్మి దొరికిపోయేవాళ్ళు. మామయ్య చివర్లో మంచాన పడ్డాక, ఆయనా తినడం మానేశాడు. డాక్టర్లొచ్చారు, అందరం బతిమాలాం. ఎవరి చేత్తోనూ తినలా. చినత్త ఏంచేసేదంటే, ఆయన చెయ్యి తను పట్టుకుని ఆ చేత్తో ఒక ముద్ద పులికి పెట్టించేది. అది తినేది. అది తిన్నాక, ఆయన నోరు తెరిచేవాడు. అట్టా ఒకటి దానికి, ఒకటి ఆయనకి... ఊ.

ఏంది అట్టా చూస్తావు. లే, లే. పొద్దుపోతోంది. పక్కింటి జాన్‌బీ వాళ్ళ మేక ఈనిందట, పోయి నీ కుక్కపిల్లకి గ్లాసుడు పాలు అడిగి పట్రా. చెంబు తీసుకుపో, అదిగో అక్కడ బోర్లించి ఉంది. ఊరికే పుచ్చుకోకు, రెండు నిమ్మకాయలు కోసిచ్చి రా.